సిల్వర్ సల్ఫాడయాజిన్ క్రీమ్: వార్డులో నాలుగు స్టార్లు, ఇంట్లో రెండు

మెడికల్ షాపుకెళ్లి "కాలినదానికి మందివ్వండి" అంటే మామూలుగా రెండింటిలో ఒకటి చేతిలో పెడతారు. ఒకటి పసుపు రంగు క్రీమ్. రెండోది ఈ తెల్లది, సిల్వర్ సల్ఫాడయాజిన్ 1 శాతం. బర్న్స్ వార్డులో మేమెవరం దీన్ని పూర్తి పేరుతో పిలిచిన పాపాన పోలేదు. మాకూ, పేషెంట్లకూ, కింద మందుల కౌంటర్లో కుర్రాడికీ అది "తెల్ల మందు". కంపెనీని బట్టి ట్యూబు మీద పేరు మారుతుంది. కొన్నిట్లో క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశిని కలుపుతారు, కొన్నిట్లో కలబంద, విటమిన్లు అని రాసి ధర పెంచుతారు. ఎక్కువ పని చేసేది మాత్రం ఆ 1 శాతమే. నేను రాస్తున్నది ఏ కంపెనీ ట్యూబు గురించీ కాదు, దాని గురించే.

నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. సర్వీసులో సగానికి పైగా బర్న్స్ వార్డులోనే. అక్కడ పోస్టింగ్ పడితే కన్నీళ్లు పెట్టుకునేవాళ్లుంటారు, నేను అడిగి మరీ ఉన్నాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరింట్లో నూనె చిందినా ట్యూబు ఫొటో నా వాట్సాప్‌కి వస్తుంది, "పిన్నిగారూ, ఇది రాయొచ్చా?" అని. ఈ మందు కింద ఆన్‌లైన్‌లో జనం రాసినవి కూడా చదివాను. కొందరు "రాయగానే చల్లబడింది, సూపర్" అని ఐదు స్టార్లిచ్చారు. కొందరు "వారం రాసినా మానలేదు, పైగా చీములా పొర కట్టింది, డబ్బు దండగ" అని ఒకటిచ్చారు. చల్లబరచడం దీని పని కాదు, మాన్పడమూ దీని పని కాదు. చెయ్యని పనికి మార్కులు వేస్తే ఏ మందైనా ఫెయిలవుతుంది, లేదా ఊరికే పాసవుతుంది.

చూడ్డానికి తెల్లగా, మెత్తగా, జిడ్డు లేకుండా ఉంటుంది. వాసన పెద్దగా ఉండదు. రాస్తే మంట పెట్టదు, నిజంగానే కాసేపు చల్లగా ఉంటుంది. అది క్రీములో ఉన్న నీటి గుణం, వెండి గుణం కాదు. గాయం మీద ఒకటిన్నర మిల్లీమీటరు మందాన, కింద గాయం కనబడకుండా పరిచి, పైన గాజ్ వేసి కట్టు కడతాం. రోజుకు ఒకసారి, గాయం బాగా కారుతుంటే రెండుసార్లు. వెలుతురు తగిలితే క్రీమ్ బూడిద రంగుకు తిరుగుతుంది, అందులో వెండి ఉంది కాబట్టి. బట్టలకూ ఆ మరక పడుతుంది. మా వార్డు దుప్పట్లకు ఆ రంగు శాశ్వతంగా ఉండిపోయింది, ధోబీ ఎప్పుడో ఆశ వదులుకున్నాడు.

ఇక ఇది దేనికి పుట్టిందో చెప్పాలి. 1960ల దాకా ఒళ్లు బాగా కాలినవాళ్లు మొదటి రెండు మూడు రోజుల గండం దాటినా తర్వాతి వారాల్లో ఇన్‌ఫెక్షన్‌తో పోయేవారు. అందులో పెద్ద పేరు సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాది. 1965లో అమెరికాలో సెయింట్ లూయీస్ నగరంలో మోయర్ అనే సర్జన్ బృందం గాయాల్ని 0.5 శాతం సిల్వర్ నైట్రేట్ నీళ్లతో తడిపి ఉంచి ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని చూపించింది. కానీ ఆ నీళ్లు తగిలినదల్లా నల్లబడేది, మంచం, నేల, నర్సుల చేతులతో సహా. పైగా ఒంట్లో ఉప్పును గుంజేసేవి. 1968లో న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి చెందిన చార్లెస్ ఫాక్స్, వెండిని సల్ఫాడయాజిన్ అనే సల్ఫా మందుతో కలిపి ఈ క్రీమ్ తయారు చేశాడు. ఆయన పరిశోధన వ్యాసం పేరులోనే "కాలిన గాయాల్లో సూడోమోనాస్‌కి కొత్త పైపూత" అన్న అర్థం ఉంది. చర్మం పెరగడానికనో, మచ్చ పడకుండా ఉండడానికనో ఎవరూ దీన్ని కనిపెట్టలేదు.

సూడోమోనాస్ అంటే ఏమిటో వార్డులో పనిచేసినవాళ్లకు పుస్తకం అక్కర్లేదు. కట్టు విప్పకముందే తెలుస్తుంది. తీపి వాసన, పండిన ద్రాక్షపళ్ల వాసనకి దగ్గరగా. కట్టు మీద ఆకుపచ్చా నీలం కలిసిన మరక. మా హెడ్ సిస్టర్ వార్డు గుమ్మంలో నిలబడి "ఏడో బెడ్డు స్వాబ్ పంపండి" అనేది, అంటే గాయాన్ని దూదిపుల్లతో తుడిచి ల్యాబ్‌కి పంపమని. ల్యాబ్ రిపోర్టు రెండు మూడు రోజులకు వచ్చేది, ఆవిడ చెప్పిందే రాసుకుని. ఈ సూక్ష్మజీవి ఎక్కడో అడవిలో ఉండదు. కుళాయి దగ్గర, సింకులో, తడి బకెట్లో, నేల తుడిచే గుడ్డలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిని చాలావరకు ఏమీ చెయ్యదు. మీరూ నేనూ దానితో రోజూ చేతులు కడుక్కుంటూనే ఉంటాం.

మరి అదే కాలిన మనిషి ప్రాణం ఎందుకు తీస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే తెల్ల మందుకు ఎన్ని స్టార్లివ్వాలో కూడా తెలుస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

కాలగానే గాయం పైభాగం దాదాపు శుభ్రంగానే ఉంటుంది, వేడికి క్రిములు కూడా చస్తాయి కాబట్టి. వెంట్రుకల కుదుళ్లలో, చెమట గ్రంథుల్లో లోతుగా దాక్కున్నవి మాత్రం బతికి, రెండు రోజుల్లో పైకి పాకుతాయి. వీటిలో ముందుండేది స్టెఫైలోకాకస్. వారం తిరిగేలోగా పేషెంట్ పేగుల నుంచి, గాలి నుంచి, మా చేతుల నుంచి, కుళాయి నుంచి సూడోమోనాస్, అసినిటోబాక్టర్ లాంటివి చేరతాయి. వాటికి అక్కడ సిద్ధంగా ఉండేది చచ్చిన తోలు. తడిగా ఉంటుంది, నిండా ప్రొటీన్. అన్నిటికంటే ముఖ్యం, అందులో రక్తనాళాలుండవు. రక్తం రాని చోటికి తెల్ల రక్తకణాలు రావు. సెలైన్లో ఎక్కించిన యాంటిబయాటిక్ కూడా రాదు. పైనుంచి రాసే మందు ఒకటి కావాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఒంట్లోంచి సాయం అందని చోట బయటినుంచి వెండి పెట్టడం. గాయంలో ఊరే నీరు తగిలి క్రీమ్ నుంచి వెండి కొద్దికొద్దిగా విడుదలై బ్యాక్టీరియా పైపొరకూ లోపలి డీఎన్‌ఏకూ అతుక్కుని దాన్ని చంపుతుంది. సల్ఫా దాని పెరుగుదలకు అడ్డుపడుతుంది.

ఇది గాయం మీది సంగతి. ఒంట్లో జరిగేది ఇంకా పెద్దది. సుమారు ఇరవై శాతం దాటి కాలిందంటే దెబ్బ చర్మానికే కాదు, మొత్తం రోగనిరోధక వ్యవస్థకు తగులుతుంది. కాలి పగిలిన కణాల్లోంచి కారిన సరుకు రక్తంలో కలిస్తే శరీరం దాన్ని బ్యాక్టీరియా దాడి లాగే భావిస్తుంది. క్రిముల్ని మింగే తెల్ల కణాలు, అంటే న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు మేల్కొని ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి, ఒంట్లో మంట రేపే రసాయనాల్ని విపరీతంగా వదులుతాయి. సన్న రక్తనాళాలు ఒళ్లంతా కారడం మొదలవుతుంది. కాలని కాలు కూడా ఉబ్బుతుంది. ఊళ్లో ఒక కొంప అంటుకుంటే ప్రతి వీధివాళ్లూ బిందెలతో పరుగెత్తి, తమ ఇంటి ముందే నీళ్లు గుమ్మరించి, అసలు మంట దగ్గరికి ఖాళీ బిందెలతో చేరినట్టుంటుంది వ్యవహారం. ఆ తొలి హడావిడి నడుస్తుండగానే వెనకనుంచి నీరసం మొదలవుతుంది. న్యూట్రోఫిల్స్ లెక్కకు ఉంటాయి గానీ క్రిమి ఉన్న వైపు సరిగా కదలవు, మింగినదాన్ని సరిగా చంపవు. టీ కణాలనే ఇంకో రకం తెల్ల కణాలు తగ్గుతాయి. రక్తంలో ఉండాల్సిన యాంటిబాడీలు గాయంలోంచి నీటితో పాటు కారిపోతాయి. అమాయకంగా సింకులో బతికే సూడోమోనాస్ అప్పుడు పులి అవుతుంది.

తొలి రోజుల్లో వచ్చే జ్వరం గొడవ కూడా ఇక్కడిదే. రెండో రోజు ఒళ్లు కాలిపోతుంటే బంధువులు కంగారు పడతారు, "సిస్టరమ్మా, పెద్ద ఇంజెక్షన్ రాయించండి, ఎంతయినా తెస్తాం" అని. ఆ జ్వరం చాలావరకు ఆ లోపలి మంటది, క్రిములది కాదు. అప్పుడే పెద్ద యాంటిబయాటిక్ మొదలుపెడితే బలహీనమైన క్రిములు పోయి మొండివి మిగులుతాయి. ఇన్‌ఫెక్షన్ రాకముందే ముందుజాగ్రత్తగా అందరికీ యాంటిబయాటిక్ ఎక్కించవద్దనే బర్న్స్ డాక్టర్లు చెబుతారు. మేం దేన్ని కనిపెట్టుకుని ఉండేవాళ్లమంటే, టెంపరేచర్ 39 సెల్సియస్, అంటే 102 ఫారెన్‌హీట్ దాటడం, నాడి 110 దాటడం, ఊపిరి నిమిషానికి 25 దాటడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, పొట్ట ఉబ్బి ట్యూబులో పోసిన పాలు దిగకపోవడం. అమెరికన్ బర్న్ అసోసియేషన్ 2007లో ఇచ్చిన గుర్తుల్లో ఇవే ఉన్నాయి. అదే జాబితాలో టెంపరేచర్ 36.5 కంటే తగ్గడం కూడా ఉంది. నాకు జ్వరం కంటే అదే భయం. నిన్నటిదాకా వేడిగా ఉన్న మనిషి పొద్దున్నే చల్లగా, అయోమయంగా మాట్లాడుతుంటే డ్యూటీ డాక్టర్ టీ తాగుతున్నా లేపి తీసుకొచ్చేదాన్ని.

తెల్ల మందుకీ తెల్ల రక్తకణాలకీ ఒక చిత్రమైన లంకె ఉంది. క్రీమ్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులకు కొందరిలో తెల్ల కణాల లెక్క పడిపోతుంది. రిపోర్టు చూసి కొత్తగా వచ్చిన హౌస్ సర్జన్లు టెన్షన్ పడి మందు ఆపమనేవాళ్లు. కొంత మందు వల్ల, కొంత కాలిన దెబ్బకు ఆ కణాలన్నీ గాయం వైపు వలస పోవడం వల్ల ఇలా అవుతుంది. చాలామందిలో మందు ఆపకపోయినా కొద్ది రోజుల్లో లెక్క దానంతటదే పెరుగుతుంది. అలాగని పట్టించుకోకుండా వదిలెయ్యరు, రక్తపరీక్ష మళ్లీ చేస్తారు. ఇంట్లో కూర్చుని ఒళ్లంతా పూసుకునేవాళ్లకు ఈ పరీక్ష ఎవరు చేస్తారు?

ఇప్పుడు లోపాలు. ఇవి నిజంగా మందు లోపాలే.

మొదటిది, ఇది చచ్చిన తోలు లోపలికి సరిగా దిగదు. పైన క్రిముల్ని అదుపు చేస్తుంది, మందపాటి తోలు కిందకి చేరినవాటిని ఏమీ చెయ్యలేదు. ఒకసారి దసరా సీజన్లో ఒక మిఠాయి మాస్టారు వచ్చాడు. బూందీ మూకుడు ఒరిగి ఛాతీ, పొట్ట, కుడి చెయ్యి కాలాయి. పెద్దవాళ్లలో ఒక్కో చెయ్యి ఒంట్లో 9 శాతం, ముందువైపు మొండెం 18 శాతం అని లెక్కేస్తాం, ఆ లెక్కన పాతిక శాతం పైమాటే. షుగర్ కూడా ఉంది. తెల్ల మందు లోటు లేకుండా రాశాం. అయినా వారం తిరిగేలోగా ఛాతీ మీది కట్టు పచ్చబడింది. గాయంలో ఒకచోట ఎర్రగా ఉన్నది నల్లగా తిరిగింది. ఆ గుర్తు చూస్తే మాకు గుండె జారుతుంది, క్రిమి గాయం మీద నివాసం ఉండడం మాని లోపలి మంచి కండలోకి దిగుతోందని అర్థం. స్వాబ్, రక్తం కల్చర్‌కి పంపారు, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి అదేమిటో, ఏ మందుకు లొంగుతుందో చూడ్డానికి. తెల్ల మందు ఆపి పలచని అసిటిక్ ఆసిడ్ తడిగుడ్డలు మొదలుపెట్టారు. అది మన వంటింటి వెనిగర్ జాతిదే, సూడోమోనాస్‌కి గిట్టదు. కల్చర్లో పనిచేస్తుందని వచ్చిన యాంటిబయాటిక్ ఎక్కించారు. కానీ మనిషిని నిలబెట్టింది, థియేటర్‌కి తీసుకెళ్లి చచ్చిన తోలు మొత్తం కోసి తీసెయ్యడం, తర్వాత తొడ నుంచి పలచని తోలు తీసి వెయ్యడం.

ఆ పద్ధతిని 1970లో అప్పటి యుగోస్లావియాలోని మారిబోర్ అనే ఊళ్లో పనిచేసే జొరా యాన్జెకోవిచ్ అనే లేడీ సర్జన్ ప్రపంచానికి చాటింది. తోలు దానంతటదే ఊడేదాకా వారాలు ఆగకుండా, తొలి రోజుల్లోనే పొరలు పొరలుగా కోసి, కింద రక్తం చిమ్మే మంచి కణజాలం కనబడగానే ఆగి, దాని మీద కొత్త తోలు వెయ్యడం. క్రిములకు తిండే లేకుండా చేస్తే ఇక క్రీమ్‌తో పనేముంది? ఆపరేషన్ థియేటరూ, రక్తమూ, మత్తు డాక్టరూ దొరికేదాకా ఆగాల్సి వస్తుందే, ఆ మధ్యకాలానికి తెల్ల మందు. మన వార్డుల్లో ఆ మధ్యకాలం చాలా పొడుగు, అందుకే ఇంకా జాడీలు జాడీలు ఖర్చవుతున్నాయి.

రెండో లోపం, ఆ పొర. ఒక స్టారు వాళ్లు తిట్టింది దీన్నే. గాయంలో ఊరే ప్రొటీన్, క్రీమ్ కలిసి రెండు మూడు రోజులకు పసుపూ బూడిదా కలిసిన జిగురు పొర కడుతుంది. చీము కాదు. కానీ చీము లాగే ఉంటుంది కాబట్టి ఇంట్లోవాళ్లు హడలిపోతారు. దానికింద గాయం ఎంత లోతో డాక్టర్‌కీ కనబడదు. కొత్త పూత వెయ్యడానికి ముందు పాతదంతా కడిగి తీయాలి. ఆ నొప్పి నేను వర్ణించను. డ్రెస్సింగ్ ట్రాలీ చప్పుడు వినగానే వార్డు మొత్తం మూగబోయేది. దానికి ముందే నొప్పి మందు ఇవ్వాలని పట్టుబట్టే సిస్టర్ మీ వార్డులో ఉంటే అదృష్టం.

మూడోది, గాయం మానడాన్ని ఇది ఆలస్యం చేస్తుంది. వెండికి మంచీ చెడూ తెలియదు. బ్యాక్టీరియాతో పాటు అంచుల నుంచి కొత్తగా పాకే చర్మకణాల్నీ దెబ్బకొడుతుంది. 2013లో కాక్రేన్ వాళ్లు, అంటే వైద్య పరిశోధనల్ని పోగేసి బేరీజు వేసే సంస్థ, కాలిన గాయాల కట్ల మీద జరిగిన పరీక్షల్ని పోగేసి చూస్తే, తెల్ల మందు రాసినవాటికంటే వెండి పూసిన కట్లూ సిలికాన్ కట్లూ వేసినవి త్వరగా మానాయని తేలింది. అందులో ఉన్న చాలా పరీక్షలు అంత గట్టివి కావని కూడా వాళ్లే రాశారు. నా కళ్లతో చూసింది దానికి విరుద్ధంగా లేదు. బొబ్బలెక్కిన మామూలు గాయం, శుభ్రంగా ఉన్నది, తెల్ల మందు రాసిన కొద్దీ తడితడిగా, తెల్లగా నాని, వారాలు సాగేది. అదే గాయం మీద కొల్లాజెన్ అనే ప్రొటీన్‌తో చేసిన పలచని షీటు అంటిస్తే కింద చర్మం కట్టి అదే ఊడిపోయేది. షీటు శుభ్రమైన గాయం మీదే వెయ్యాలి, మురికి గాయాన్ని దానితో మూసేస్తే కింద చీము పట్టి కథ మొదటికొస్తుంది.

నాలుగోది చిన్నది కాదు గానీ త్వరగా చెబుతాను. వెండికి లొంగని క్రిములూ ఉన్నాయి. 1975లోనే బోస్టన్‌లో ఒక బర్న్స్ వార్డులో వెండిని తట్టుకునే సాల్మొనెల్లా బయటపడింది.

ఖరీదు లేని ప్రత్యామ్నాయాల విషయంలో మన దేశం వెనకబడి ఏమీ లేదు. ముంబయి సర్జన్లు క్రిములు లేకుండా శుభ్రం చేసిన అరిటాకును కట్టుగా వాడి 2003లో ఫలితాలు ప్రచురించారు. గాయానికి అంటుకోదు, తీసేటప్పుడు నొప్పి ఉండదు. సోలాపూర్‌లో సుబ్రహ్మణ్యం అనే సర్జన్ 1991లో 104 మంది మీద తేనెనూ తెల్ల మందునూ పోల్చి చూసి, తేనె కట్టినవాళ్లకే త్వరగా మానిందని రాశాడు. ఇది చదివి వంటింట్లో తేనె సీసా వంచకండి. ఆసుపత్రిలో శుభ్రంగా, సరైన గాయానికి వాడడం వేరు. బాగా ఎక్కువ కాలినవాళ్లకు సొంత తోలు చాలకపోతే చనిపోయినవాళ్లు దానం చేసిన తోలుతో తాత్కాలికంగా కప్పుతారు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో అలాంటి స్కిన్ బ్యాంకు ఉంది. కళ్లదానం గురించి తెలిసినంతగా మనవాళ్లకు దీని గురించి తెలియకపోవడం నాకు బాధ.

తెల్ల మందు రాసినంత మాత్రాన సరిపోదని చెప్పడానికి తిండి సంగతి ఎత్తకుండా ఉండలేను. ఆ మిఠాయి మాస్టారి భార్య రోజూ చారన్నం, ఇడ్లీ తెచ్చేది. గుడ్డు లేదు, పప్పు లేదు.

"పప్పు పెడితే చీము పడుతుందంట కదా సిస్టరమ్మా?"

"మానేస్తేనే పడుతుందమ్మా. రేపటినుంచి రెండు గుడ్లు తీసుకురా, పప్పు గట్టిగా వండు."

"మా అత్తగారు ఒప్పుకోదండీ."

"మీ అత్తగారిని నా దగ్గరికి పంపు."

వచ్చింది. గంటసేపు పోట్లాడింది. తర్వాత గుడ్లు ఆవిడే ఉడికించి తెచ్చింది. ఒళ్లు కాలిన మనిషికి లోపల ఇంజను ఆపకుండా తిరుగుతుంటుంది, పడుకునే ఉన్నా కండ కరిగిపోతుంది. కిలో బరువుకు రోజుకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల ప్రొటీన్ కావాలి. యాంటిబాడీ అయినా, తెల్ల కణమైనా, కొత్త చర్మమైనా దానితోనే తయారవ్వాలి. పైన వెండి, లోపల చారునీళ్లు అయితే సూడోమోనాస్‌కి పండగే. షుగర్ ఎక్కువ ఉంటే న్యూట్రోఫిల్స్ ఇంకా మందగిస్తాయి, అందుకే మాత్రలు మింగేవాళ్లకు కూడా అప్పుడు ఇన్సులిన్ పెడతారు. "ఒకసారి పెడితే ఇక మానరు" అని అడ్డుపడకండి.

ఇంట్లో ఎలా వాడాలన్నది అందరూ అడిగేది. నా జవాబు చాలామందికి నచ్చదు. చాలా సందర్భాల్లో అక్కర్లేదు. కాలగానే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. ఐసు వద్దు. మూడు గంటల లోపు ఎప్పుడు పెట్టినా మేలే, మంట తగ్గడమే కాదు, గాయం లోతుకు దిగకుండా ఆపుతుంది. కాలిన చోటు ఎక్కువుండి, చంటిపిల్లలైతే మిగతా ఒళ్లు చల్లబడకుండా కప్పి ఉంచండి. టూత్‌పేస్టు, ఇడ్లీ పిండి, సిరా, పసుపు ఏదీ వద్దు. పేడ పూసుకుని వచ్చినవాళ్లను కూడా చూశాను, ధనుర్వాతం ఇంజెక్షన్ ముందు వాళ్లకే పొడిచేవాళ్లం. ఎర్రగా కంది బొబ్బ లేకపోతే ఏ క్రీమూ లేకుండానే తగ్గుతుంది. చిన్న బొబ్బకు శుభ్రంగా కడిగి, అంటుకోని పారఫిన్ గాజ్ వేసి కట్టు కడితే చాలు, అదీ షాపుల్లో దొరుకుతుంది.

పేషెంట్ అరచెయ్యి వేళ్లతో సహా సుమారు ఒంట్లో 1 శాతం. అంతకంటే పెద్దగా కాలినా, మొహం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల దగ్గర కాలినా, కరెంటు లేదా యాసిడ్ తగిలినా, కాలిన చోట తెల్లగానో నల్లగానో ఉండి నొప్పే లేకపోయినా ఆసుపత్రికి వెళ్లండి. ఆ నొప్పి లేకపోవడం మంచి గుర్తనుకుంటారు, లోపలి నరాలు కూడా కాలిపోయాయని దానర్థం. వెళ్లే ముందు తెల్ల మందు మాత్రం పూయకండి. గాయం ఎంత లోతో చూడాలంటే డాక్టర్ దాన్నంతా రుద్ది తీయాల్సిందే, ఆ రుద్దుడు మీకే. తడి చేసిన శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి.

సల్ఫా మందులు పడనివాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, రెండు నెలల లోపు పసివాళ్లు దీన్ని అసలు వాడకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతో తక్కువగా ఉన్నవాళ్లకూ ఇది ప్రమాదమే, ఎర్ర రక్తకణాలు పగలొచ్చు. పసివాళ్లలో సల్ఫా కామెర్లను ముదిరేలా చేసి మెదడుకు ముప్పు తెస్తుంది. మొహానికి కూడా మేం వాడేవాళ్లం కాదు, కళ్లలోకి జారుతుందనీ, మరక పడుతుందనీ.

స్టార్ల లెక్కకొస్తే, ఎక్కువ కాలి, తోలు లోతుగా చచ్చి, ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న పేషెంట్‌కి, వార్డులో, రోజూ కడిగి రాసే చేతులుంటే నాలుగు. చవక, జాడీలో దొరుకుతుంది, రాసేటప్పుడు నొప్పి పెట్టదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఊరికే చేర్చలేదు. ఒక స్టారు తోలు కిందికి దిగనందుకు కోశాను. ఇంట్లో నూనె చింది బొబ్బెక్కిన చేతికి రెండు. అవి కూడా పేడ కంటే మేలు కాబట్టి ఇచ్చాను.

డాక్టర్ రాసిస్తే కొనేటప్పుడు చిన్న ట్యూబే కొనండి, జాడీ వద్దు. జాడీలో వేలు ముంచి గాయానికి రాసి, మళ్లీ అదే వేలు ముంచితే రెండో రోజుకి అందులో ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. చేతులు కడుక్కుని, ఉడికించిన చెంచాతోనో గ్లౌజు వేలితోనో తీయండి. ఒకరి ట్యూబు ఇంకొకరికి వాడకండి. క్రీమ్ బూడిద రంగుకు తిరిగితే పారేయండి.